ఎడమ అంచు

చీర అంచుకూ చీర ఒంటికీ మధ్య నుంచి ప్రణీత వేలు అవతలికి దూరింది.

ఆ అమ్మాయి నవ్వింది. "ఇది డిజైనా అంకుల్?"



మగ్గం గుంటలో కూర్చున్న శాంతయ్య ఆ వేలి వంక చూశాడు. గద్వాల కుట్టు చీర. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట గోరు కూడా దూరకూడదు. దూరితే అది చీర కాదు, పక్కపక్కన పెట్టిన రెండు గుడ్డలు. ఇప్పుడు వేలే దూరింది. ఎడమ వైపు జానెడు పొడుగున అంచు దారి అంచుది, ఒంటి దారి ఒంటిది.

ప్రణీత పొద్దున హైదరాబాద్‌లో బయలుదేరి కారులో వచ్చింది. తన చీర మగ్గం మీద ఉండగానే చూసుకుపోవాలని ఆమె ముచ్చట. శాంతయ్య కొడుకు శ్రవణ్ కుమార్ శని, ఆదివారాల్లో ఏటి ఒడ్డుకు వచ్చేవాళ్లను ఇల్లిల్లూ తిప్పి మగ్గాలు చూపిస్తాడు. అతనే హుషారుగా, చుట్టుకున్న గుడ్డను కర్ర మీది నుంచి రెండు మూరలు విప్పి "పట్టుకొని చూడండి మేడం" అన్నాడు. పట్టుకొని చూసింది.

"నాయినా, ఏందిది?" అన్నాడు శ్రవణ్ గొంతు తగ్గించి.

"నన్నడుగుతవేంది? ఎడమ దిక్కు ఎవరు కూసుంటరో వాళ్లనడుగు."

ఎడమ దిక్కు పీట ఖాళీగా ఉంది. అక్కడ కూర్చోవలసిన మనిషి, శాంతయ్య భార్య జములమ్మ, వంటింటి గడపలో నిలబడి ఉల్లిగడ్డ పొట్టు తీస్తోంది. వెనక పొయ్యి దగ్గర కోడలు అఖిల.

తొమ్మిది రోజులుగా ఆ మొగుడూ పెళ్లాల మధ్య మాట లేదు. ముందు గదిని, అంటే మగ్గం ఉన్న ఈ గదినే, కాఫీ హోటలుకు కిరాయికిస్తానని జములమ్మ మాటిచ్చిన రోజు నుంచి లేదు. నేతోళ్లకు సర్కారిచ్చిన ఈ కాలనీలో ఇళ్లన్నీ ఆడవాళ్ల పేరు మీద ఇచ్చారు. కాబట్టి ఆమె మాటంటే మాటే. శాంతయ్య అరవలేదు, చెయ్యెత్తలేదు. నోరు మూసుకున్నాడు. అది అంతకన్నా పాడు.

మాట బందయినా పని బంద్ కాలేదు. రోజూ ఇద్దరూ వచ్చి మగ్గం మీద కూర్చున్నారు. ఎందుకంటే అంచునూ ఒంటినీ కలిపే కుట్టు ఒక్కరితో పడదు. దారాన్ని అటూ ఇటూ మోసే నాడెలు మూడు ఆడాలి. ఒంటి నాడె, కుడి అంచు నాడె శాంతయ్యవి. ఎడమ అంచు నాడె జములమ్మది. పోగు పోగుకూ అంచు దారం, ఒంటి దారం ఒకదాన్నొకటి మెలేసుకోవాలి. అతను ఆగాలి, ఆమె మెలిక వేయాలి, అప్పుడు అతను పోగు బిగిసేలా పలక కొట్టాలి. ముప్పై రెండేళ్లుగా అంతే.

ఇవ్వాళ పొద్దున మాత్రం ఆమె వచ్చి కూర్చోలేదు. నాలుగింటికి హోటలు కిరాయి కాగితం మీద సంతకం ఉంది. ఇప్పుడు మూడు దాటింది.

"అఖిలా," అన్నాడు శాంతయ్య గోడకేసి చూస్తూ. "మీ అత్తనడుగు, ఇది ఎన్నడైందో."

"అత్తమ్మా, మామ అడుగుతుండు..."

"ఇనబడ్డది. చెప్పు మీ మామకు, మంగళారం అయిందని."

"మామా, మంగళా..."

"తెల్సి గూడ ఎందుకు చెప్పలేదో అడుగు."

అఖిల ఉప్పునుంతల పిల్ల. వ్యవసాయం ఇంట్లో పెరిగింది. అక్కడ కొట్లాటంటే ముఖం మీదే, మధ్యలో మనిషి ఉండడు. గరిటె పట్టుకునే గడపలోకి వచ్చింది.

"నేనేమన్న టపా మోసేదాన్నా? ఇద్దరు నాలుగు మూరల దూరంల ఉన్నరు. జర మీరే మాట్లాడుకోండ్రి. నాకాడ పప్పు అడుగంటుతుంది."

ప్రణీతకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. పరిస్థితి బాగోలేదని అర్థమైంది. సర్దాలనుకుంది.

"అంకుల్, టెన్షన్ పడకండి. నిజం చెప్పాలంటే నాకిది నచ్చింది. మెషీన్ ఇట్లా పొరపాటు చెయ్యదు కదా. మనిషి చేతిదని తెలుస్తుంది. నాకు ఇట్లాగే ఇచ్చెయ్యండి. దీని వెనక ఒక కథ ఉందని ఫొటోతో సహా పోస్ట్ పెడతాను."

"కథ గాదు బిడ్డా," అంది జములమ్మ గడపలో నుంచే. "తప్పు."

"తప్పు చీర ఈ ఇంట్లకెల్లి బయటికి పోదు," అన్నాడు శాంతయ్య. "ఆడి దాక విప్పి మల్ల నెయ్యాలె. పదిహేను దినాలాగు తల్లీ."

ఇద్దరిదీ ఒకే మాట. ముఖాలు మాత్రం ఒకటి గోడ వైపు, ఒకటి ఉల్లిగడ్డ వైపు.

"మేడం, మీరు జర ఏటి దిక్కు పోయి రాండ్రి," అన్నాడు శ్రవణ్. "జూరాల గేట్లు ఎత్తిండ్రు. నీళ్లు మస్తుగున్నయ్."

ఆ అమ్మాయి చల్లద్దాలు పెట్టుకుని వీధిలోకి దిగింది.

ఏడేళ్ల కింద ఈ కాలనీ ఇచ్చినప్పుడు గద్వాల ఊళ్లో ఎవరూ ఇటు రామన్నారు. బజారుకు దూరం, ఏటికి దగ్గర. పాములు, ముళ్లకంప, దోమలు. ఎవరూ వద్దన్న జాగా కాబట్టే నేతోళ్లకు దక్కింది. ఇప్పుడు అదే జాగాకు రివర్ వ్యూ అని పేరు పెట్టారు. ఒడ్డు పొడుగునా టైల్స్ పరిచారు. రెయిలింగు వేశారు. రంగు దీపాలు పెట్టారు. హైదరాబాద్ కార్లు, కర్నూలు కార్లు, రాయచూరు నుంచి కన్నడం మాట్లాడుకుంటూ వచ్చే జంటలు. ఏట్లో నీళ్లుండేది మూడు నెలలు. మిగతా తొమ్మిది నెలలూ బండలే కనబడతాయి, బండలకూ ఫొటోలు తీసుకుంటారు. కాలనీకి మంచినీళ్లు రెండు రోజులకొకసారి వస్తాయి. రెయిలింగుకు రంగు మాత్రం పోకముందే వేస్తారు.

పొద్దు పొడవక ముందు ఆడవాళ్లు పడుగు దారాలు పొడుగ్గా సాపి గంజి పట్టించుకున్న వీధి ఇది. ఇప్పుడు ఆ పొడుగంతా కార్లు నిలబడతాయి. ఇళ్ల గోడల మీద 'ఇక్కడ మూత్ర విసర్జన చేయరాదు' అని రాసుకున్నారు. చూడవచ్చినవాళ్లకు నది చాలు. ఉన్నవాళ్లకు నది ఒక్కటీ చాలదు.

ఇంట్లో శ్రవణ్ తల్లి దగ్గరికి పోయాడు. "అమ్మా, ఎట్లయిందే? నీ చేతిల ఎన్నడన్న గింత పోయిందా?"

జములమ్మ ఉల్లిగడ్డ కింద పెట్టింది. కొడుకుతో మాట్లాడలేదు. తొమ్మిది రోజుల తర్వాత నేరుగా మొగుడితోనే మాట్లాడింది.

"మంగళారం పొద్దుగాల నాడె నా చేతుల నుంచి జారింది. ఒక్క పోగు. నువ్వు ఆగాలె గద, ఆగలే. పలక కొట్టినవ్. రెండోది పోయింది, మూడోది పోయింది. ఎన్నడన్న గట్లయితే ఆగుమంట, నువ్వు ఆగుతవ్. ఆ దినం నోట్లకెల్లి రాలే. మాట బంద్ పెట్టింది నువ్వు. ముందుగాల నేనెందుకు తెరువాలె? ఆయననే చూస్తడు, ఒక్కసారన్న ఇటు దిక్కు తల తిప్పుతడు అనుకున్న. ఇంకో పోగు చూసిన. ఇంకోటి చూసిన. జానెడు దాక చూసిన. నువ్వు తిప్పలే. ఇగ నాకే సాలనిపిచ్చి మల్ల మెలిక ఏసిన."

"అంటే కావాల్నని చేసినవ్."

"ముందటి మూడు పోగులు కావాల్నని గాదు. మిగిలినయన్ని కావాల్ననే."

"నా మీద కోపముంటే నన్ను తిట్టు. గుడ్డ ఏం చేసింది?"

"నేను చెప్తే ఇంటవా? అందుకే గుడ్డ చెప్పింది. ఈ దిక్కు గూడ ఒక మనిషి కూసుంటదని."

శాంతయ్య ఇప్పుడు తల తిప్పాడు. అరవై దగ్గర పడుతున్న మెడ. తిప్పితే నొప్పే. భార్య ముఖం చూశాడు. కళ్ల కింద నల్లగా ఉంది. ఎప్పటి నుంచి ఉందో అతనికి తెలియదు.

"కూసోదని ఎవరన్నరు?"

"నువ్వే అన్నవ్."

"నేనా? ఎన్నడు?"

"చేనేత ఆఫీసుకెల్లి మగ్గాలు రాసుకపోయేటోళ్లు ఒచ్చిన దినం. ఛాయ్ పెట్టుమన్నవ్. పొయ్యి కాడున్న. నేత ఎవరని అడిగిండ్రు. నేనే అన్నవ్. మగ్గం మీద ఇంకెవరన్న ఉన్నరా అన్నరు. ఎవ్వరు లేరు, నేనొక్కన్నే, ఇంట్లామె జర సాయం చేస్తది అన్నవ్. ఛాయ్ తెచ్చి ఇచ్చింది గూడ నేనే. తాగి పోయిండ్రు."

శ్రవణ్ తండ్రి వైపు చూశాడు. ఆ రోజు అతనూ ఇక్కడే ఉన్నాడు. విన్నాడు. అతనికీ ఏమీ అనిపించలేదు.

కుట్టు చీర ఒక్కడే నేస్తాడని ఈ వీధిలో ఐదేళ్ల పిల్లకు చెప్పినా నవ్వుతుంది. రాసుకునేవాడికి తెలియదు, రాశాడు. శాంతయ్యకు తెలుసు, అయినా చెప్పాడు. అబద్ధం చెబుతున్నానని కూడా అతనికి తోచలేదు. అతనికే కాదు, వీధిలో ఏ మగాడికీ తోచలేదు. అన్ని ఇళ్లలోనూ అదే రాయించారు. ఇంట్లామె జర సాయం చేస్తది.

"అందరు గట్లనే రాపిస్తరు," అన్నాడు శాంతయ్య. "నేనొక్కన్ని కొత్తగ చేసిన్నా?"

"అందరి ముచ్చట నాకెందుకు? ఈ భుజం అందర్ది గాదు." ఎడమ భుజం మీద చెయ్యి వేసుకుంది. "మొన్న దవాఖానల డాక్టరమ్మ అడిగింది, ఏం పని చేస్తవ్ అని. ఇంట్ల పనే అన్న. నా నోటితోని నేనే అన్న. ఇంట్ల పనికి భుజం గిట్ల అరుగదే అన్నది ఆమె. బయటికొచ్చి బెంచి మీద కూసున్న. గప్పుడు సిగ్గయింది."

అఖిల పొయ్యి ఆపి వచ్చి అత్త పక్కన నిలబడింది. 

"అయితే గది హోటలుకిస్తె నీ పేరొస్తదా అమ్మా?" అన్నాడు శ్రవణ్.

"రాదు. భుజానికి నెమ్మదొస్తది. సాయం చేసేటామె సాయం బంద్ చేస్తే ఎవరికేం నష్టం? మీ నాయిన ఒక్కడే నేస్తడు గద, యాడన్న చెట్టు కింద గుంట తీసుకొని నెయ్యనియ్యి."

"ఎటకారం చేస్తున్నవ్," అన్నాడు శాంతయ్య.

"లేదు. అలసిపోయిన."

 బయట ఎవరో కారు తలుపు గట్టిగా వేశారు. ఫొటోల కోసం ఎవరో 'ఇటు, ఇటు' అని అరుస్తున్నారు.

శాంతయ్య గుంటలో కాళ్లు కదిలించాడు. "సరే. రేపు ఆఫీసుకు పోయి నీ పేరు గూడ రాపిస్త. ఇగనన్న ఒచ్చి కూసో. సగం చీర మగ్గం మీదున్నది."

"రేపెందుకు? రాసుకపోయిన సారు నంబరు శ్రవణ్ ఫోన్లున్నది."

"ఆదివారం, ఎత్తడు."

"ఎత్తకపోతే ఎత్తడు. చెయ్యి."

శ్రవణ్ చేశాడు. నాలుగోసారి మోగాక ఎత్తాడు. శ్రవణ్ స్పీకర్ ఆన్ చేసి మగ్గం పలక మీద పెట్టాడు.

"ఆదివారం గూడ పరేషాన్ చేస్తరేందయ్యా," అంది ఫోన్. వెనక చిన్నపిల్లల గోల. శ్రవణ్ సంగతి చెప్పాడు. ఇల్లు, వీధి, తండ్రి పేరు. తల్లి కూడా నేస్తదని, ఆమె పేరు కూడా నేత కిందనే రాయాలని.

"ఆమె పేరున్నది గద. సాయం చేసేటోళ్ల గడిల ఉన్నది."

"అట్ల గాదు సార్. నేత అని రాయాలె."

"యాప్ మగ్గానికి ఒక్క నేతనే తీసుకుంటది తమ్మీ. రెండో పేరు కొడితే ఎర్రగ వస్తది, ముందుకు పోదు. నేను చేసింది గాదు, పైనుంచే గట్ల ఒచ్చింది."

"కుట్టు చీర ఇద్దరు నేస్తరు సార్. ఒక్కరితోని కాదు."

"నాకేం తెల్సు? మీ నాయిననే ఒక్కన్నే అని చెప్పిండు." కాసేపు ఏదో నొక్కిన చప్పుడు. "ఒక్క పని చెయ్యొచ్చు. మీ నాయిన పేరు తీసి మీ అమ్మ పేరు పెడ్త. ఆయనను సాయం గడిలకు మారుస్త. రేపు పొద్దుగాల లిస్టు పోతది. తర్వాత ఏమన్న నా చేతిల ఉండదు. చెప్పుండ్రి, ఎవరి పేరు ఉంచాలె?"



శ్రవణ్ తండ్రిని చూశాడు. అఖిల అత్తను చూసింది. జములమ్మ ఎవరినీ చూడలేదు. ఫోన్‌ను చూసింది.

సాయం గడి. శాంతయ్య తాత నేశాడు, తండ్రి నేశాడు. కొత్తవాళ్లు ఎవరైనా వస్తే శ్రవణ్ చెప్పే మొదటి మాట 'మా నాయిన మూడో తరం నేత' అని. శాంతయ్య పలక మీద చెయ్యి వేశాడు. తీశాడు. 

"సార్, జర ఆగు. ఇంట్ల అడిగి చెప్త."

"అడుగు," అంది జములమ్మ. "ఈడనే ఉన్న."

అతను అడగలేదు.

అడగడానికి ఎంత సేపు కావాలో అంత సేపూ ఆమె నిలబడింది. అతని పెదవులు ఒకసారి కదిలాయి. అంతే. ఫోన్లో చిన్నపిల్ల ఏడ్చింది. "మీరు తేల్చుకొని మెసేజ్ పెట్టుండ్రి," అని ఆఫీసు సారు పెట్టేశాడు.

"నాయినా," అన్నాడు శ్రవణ్. "పేరే గద. కాయిదం మీద పేరు. చేతులు నీయే ఉంటయ్."

"అదే నీ పేరైతే తీపిచ్చుకుంటవా?" అంది అఖిల చటుక్కున మొగుడితో. "కాయిదం మీద పేరే గద అని ఇన్నేండ్లు అత్తమ్మకు గూడ గిట్లనే చెప్తిరి."

శ్రవణ్ పలక మీది ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

వాకిట్లో బండి ఆగింది. "వదినా! ఉన్నరా?"

లక్ష్మణ్ గొంతు. ఇదే వీధిలో అతనూ ఒకప్పుడు నేసేవాడు. మగ్గం అమ్మి ఇళ్లు, ప్లాట్లు చూపించే పనిలో పడ్డాడు. అప్పుడు అతని మగ్గానికి ఎడమ దిక్కు కూర్చున్న భార్య ఇప్పుడు రెయిలింగు పక్కన మక్క కంకులు కాలుస్తోంది. పొగకు కళ్లు ఎర్రగా ఉంటాయి గానీ భుజం నొప్పి తగ్గిందని జములమ్మతో చెప్పింది.

"హోటల్ సారు కారులనే ఉన్నడు వదినా. రమ్మంటవా, కాయిదం నన్నే తెమ్మంటవా? అన్న ఉన్నడా? నమస్తే అన్నా!"



"లోపటికి రాకు," అంది జములమ్మ. "నేనే ఒస్తున్న."

కొంగుతో చేతులు తుడుచుకుంది. మగ్గం పక్క నుంచే పోవాలి, వేరే దారి లేదు. పోతూ పోతూ, విప్పిన గుడ్డ నేలకు తాకుతుంటే ఎత్తి కర్ర మీద వేసింది. అలవాటు. బయటికి పోయి తలుపు దగ్గరగా వేసింది.

లోపల ముగ్గురూ విన్నారు. లక్ష్మణ్ ఏదో చదివి వినిపిస్తున్నాడు. గాలి వల్ల సగమే వినబడుతోంది. ఒకసారి జములమ్మ గొంతు, చిన్నగా, ఏదో అడిగింది. లక్ష్మణ్ "అట్లెట్ల వదినా" అన్నాడు. 

"పోయి చూడరాదు మామా," అంది అఖిల. "అడ్డం పడు. లేకపోతే సరే అను. ఏదో ఒకటి చెయ్యి."

"ఇల్లు ఆమె పేరు మీదున్నది," అన్నాడు శాంతయ్య.

"మరి మగ్గం?"

శాంతయ్య ఆ పిల్ల వైపు చూశాడు. చీలిన చోటు వేళ్లతో పట్టుకుని చూశాడు. అక్కడి దాకా రెండు మూరలు విప్పాలి. పోగు తర్వాత పోగు, వెనక్కి. నేసేటప్పుడు ఇద్దరు కావాల్సినట్టే విప్పేటప్పుడూ ఇద్దరు కావాలి. కుడి వైపు నుంచి ఒక పోగు సడలించి లాగాడు. ఎడమ అంచు మెలిక దగ్గరికి వచ్చి ఆగింది. బలంగా లాగితే పట్టు తెగుతుంది. లాగలేదు. పట్టుకుని కూర్చున్నాడు.

బయట బండి స్టార్టయింది. దాని వెనక కారు కూడా.

తలుపు తెరుచుకుని జములమ్మ వచ్చింది. ఆమె చేతుల్లో కాగితం లేదు. ముఖం చూసి ఏదీ చెప్పలేం. ఎవరి వంకా చూడకుండా వచ్చి ఎడమ దిక్కు పీట మీద కూర్చుంది. కూర్చునేటప్పుడు భుజం పట్టుకుని చిన్నగా మూలిగింది.

"సంతకం పెట్టినవా?" అన్నాడు శాంతయ్య.

"నువ్వు ఆ సారుకు చెప్పినవా?"

అతను తల దించుకున్నాడు.

"పట్టు," అంది జములమ్మ. "ఆ హైదరాబాద్ పిల్లకు తప్పు గుడ్డ పోవద్దు. విప్పేదాక కూసుంట. నేసేదానికి గాదు."

ఎడమ అంచు మెలికలో గోరు పెట్టి పోగు కొస దొరకబట్టుకుంది. లాగింది. అది సులువుగానే ఊడి వచ్చింది.